డిగ్రీ పిల్లలకు కొలువు ట్రైనింగ్ పెట్టాలంటే ముందుగాల బస్సు టైము కనుక్కోండి

మీ కాలేజీల ఈ ఏడాది ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ మొదలుపెడదామని అనుకుంటున్నరా, అయితే ట్రైనర్ ఎవరు, ప్రొజెక్టర్ పని చేస్తదా లేదా అని చూసుడు తర్వాత, ముందుగాల పిల్లలు ఏ ఊరికెళ్ళి వస్తున్నరు, ఆ ఊరి బస్సు ఎన్ని గంటలకు పోతది అని ఒక కాగితం మీద రాసుకోండి. నేను ఈ పని మొదలుపెట్టిన ఏడాది క్లాసులు అయినంక మూడున్నర నుంచి ఐదు దాంక ట్రైనింగ్ పెట్టిన. మొదటి రోజు హాలు నిండింది, నాలుగో రోజుకు 9 మంది మిగిలిన్రు, పిల్లలకు ఇంట్రెస్ట్ లేదు అని స్టాఫ్ రూంల నేనే అన్న. తర్వాత చూస్తే ఆ 9 మందీ హాస్టల్ల ఉండేటోళ్ళే, మిగిలినోళ్ళకు నాలుగింటి బస్సు పోతే మళ్ళ ఏడింటికే, ఆడపిల్లలు రోడ్డు మీద దిగి చీకట్ల ఊర్లెకు నడవాలె. తప్పు నాది, పిల్లలది కాదు. మన తెలంగాణల 2023 డిసెంబర్ 9 నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్ల టికెట్ లేదు కాబట్టి పైసల బాధ తగ్గింది గాని టైము బాధ అట్లనే ఉన్నది.

అందుకని ట్రైనింగ్ అనేది టైంటేబుల్ లోపల ఉండాలె, పొద్దుగాల రెండో పీరియడో మూడో పీరియడో, అటెండెన్స్ తీస్కొని, మార్కులు వేసి. సాయంత్రం పెట్టేది, సెలవుల పెట్టేది, ఫైనల్ ఇయర్ల చివరి రెండు నెలలు హడావుడిగ పెట్టేది మన దగ్గర నిలవదు. దీనికి కొత్త పర్మిషన్లు ఏం అక్కర్లేదు, డిగ్రీల రెండు క్రెడిట్ల ఎస్ఈసీ, అంటే స్కిల్ ఎన్‌హాన్స్‌మెంట్ కోర్సు పేపర్లు ఉండనే ఉన్నయి, ఆ పీరియడ్లను గైడు చదివించి పాస్ చేసే పీరియడ్లుగ చూస్తున్నం గాని అవి పెట్టిందే స్కిల్ కోసం. నల్లగొండ ఎన్జీ కాలేజీ, పాలమూరు ఎంవీఎస్ కాలేజీ లాంటి అటానమస్ కాలేజీలోళ్ళయితే ఆ పేపర్ల సిలబస్ మీ కాలేజీల సిలబస్ కమిటీ, అదే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లనే మార్చుకోవచ్చు. మిగిలిన కాలేజీలోళ్ళు మహాత్మాగాంధీ యూనివర్సిటీకో పాలమూరు యూనివర్సిటీకో రాసి అడగాలె, అడుగుతనే ఉండాలె, ఈ రెండు యూనివర్సిటీలు 2007ల, 2008ల వచ్చిందే మన పిల్లలు చదువుకోసం హైదరాబాద్ దాంక పోవాల్సిన పని లేకుండ ఉండాలని కదా.

ఇగ రెండో పని, ఫస్ట్ ఇయర్ల చేరిన నెలలనే ప్రతి పిల్లగానికి, పిల్లకు ఒక పేజీ పెట్టండి. ఇంటర్ ఏ మీడియం, ఇంట్ల ఎవరెవరు ఉంటరు, అమ్మానాన్న ఊర్లనే ఉన్నరా లేక పూణేకో ముంబైకో పనికి పోయి తాత నాయనమ్మ దగ్గర పెరుగుతున్నరా, ఫోన్ సొంతమా తమ్ముడితోని పంచుకునేదా, సెలవుల్ల ఏం పని చేస్తరు. ఈ చివరి ప్రశ్న దగ్గర ఆగండి, పిల్లలు సిగ్గుపడి ఏం లేదు సార్ అంటరు, ఒకటికి రెండుసార్లు అడిగితే అప్పుడు చెప్తరు. ఒకామె గద్వాల దగ్గరి ఊరు, ఇంట్ల మగ్గాలున్నయి, నాన్నకు చదువు రాదు, ఏ చీరెకు ఎంత పట్టు పోయింది, ఎంత జరీ పోయింది, షేటు దగ్గర ఎంత అడ్వాన్స్ తెచ్చిన్రు, కూలి ఎంత మిగిలింది అంతా ఏడో తరగతి నుంచి ఈమెనే నోట్‌బుక్‌ల రాస్తది. బీకాం రెండో ఏడాది కాస్ట్ అకౌంటింగ్‌ల మార్కులు తక్కువ వచ్చినయని ఏడుస్తున్నది, కాస్ట్ షీట్ అంటే ఆమె ఇంట్ల నోట్‌బుక్కే అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ నోట్‌బుక్ తెప్పించి క్లాసుల బోర్డు మీద దాన్నే మెటీరియల్, లేబర్, ఓవర్‌హెడ్ అని విడగొట్టి రాయించిన, ఆ రోజు నుంచి ఆ పిల్ల బెంచీ మారింది, ముందుకొచ్చి కూర్చుంటది.

నేను ఇన్నేండ్ల తర్వాత గట్టిగ నమ్మేది ఇదే. మన పిల్లలకు పని రాదు అనుకొని మనం ట్రైనింగ్ మొదలుపెడతం, వాళ్ళు చిన్నప్పటి నుంచి పని చేస్తనే ఉన్నరు, ఆ పనికి కంపెనీ భాషల పేరు ఏందో వాళ్ళకు తెల్వదు అంతే. పాలకేంద్రంల లీటర్లు, ఫ్యాటు రాసేటోడు డేటా ఎంట్రీ చేస్తున్నడు, బత్తాయి తోటల కూలోళ్ళను పిలిచి లెక్క చూసి లోడు ఎత్తించేటోడు సూపర్‌వైజర్ పని చేస్తున్నడు, కిరాణం షాపుల కూర్చునే పిల్ల కస్టమర్లతోని రోజూ మాట్లాడుతున్నది. ట్రైనింగ్‌ల మొదటి సెమిస్టర్ అంతా ఆ పనిని బయటికి తీసి చెప్పించుడే చెయ్యండి.

ఎట్ల చెప్పించాలె అంటే ముందు తెలుగుల. ఇది రాసి పెట్టుకోండి, తెలుగుల రెండు నిమిషాలు వరుసగ చెప్పలేనోడు ఇంగ్లీష్‌ల చెప్పలేడు. ఏం పని, అందుల నువ్వు చేసింది ఏంది, ఎక్కడ ఇబ్బంది వచ్చింది, ఏం చేసినవ్, చివరికి ఏమైంది, ఈ ఐదు మాటలకు జవాబు ఫోన్ల రికార్డ్ చేసుకొని వాళ్ళే వినాలె. అది కుదిరినంక అదే సంగతిని చిన్న చిన్న ఇంగ్లీష్ వాక్యాల్ల. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లకు గ్రామర్ బుక్ ఇచ్చి టెన్స్‌లు బట్టీ పట్టిస్తే ఇంకింత భయపడ్తది, తన సొంత పని గురించి ఆరు వాక్యాలు చెప్పమంటే ధైర్యం వస్తది, తప్పులు మెల్లగ పోతయి. మైసెల్ఫ్ ఫలానా, ఐ యామ్ కమింగ్ ఫ్రమ్ ఫలానా, మై హాబీస్ ఆర్ ప్లేయింగ్ క్రికెట్ అని అందరూ ఒకటే అప్పజెప్పుడు మాత్రం మొదటి రోజే బంద్ చేయించండి, ఇంటర్వ్యూ చేసేటోళ్ళు పొద్దుట నుంచి ముప్పై మంది దగ్గర అదే విని ఉంటరు.

సెకండ్ ఇయర్ల గ్రూపును బట్టి పని నేర్పాలె, అందరికీ కలిపి ఒక్కటే సాఫ్ట్ స్కిల్స్ అంటే కుదరదు.

బీజెడ్‌సీ (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ), కెమిస్ట్రీ పిల్లలకు మన దగ్గర పెద్ద దారి జడ్చర్ల పక్క పోలేపల్లి సెజ్, అక్కడ అరబిందో, హెటెరో లాంటి మందుల కంపెనీలున్నయి. మందుల నాణ్యత చూసే క్యూసీ ల్యాబ్‌ల తీస్కునే కొత్త పిల్లలను వాళ్ళు చూసేది మందుల ఏమేం ఎంతెంత ఉన్నదో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషిన్ వచ్చా రాదా అని మాత్రమే కాదు, అంత ఖరీదు మెషిన్ డిగ్రీ కాలేజీల ఉండదని వాళ్ళకూ తెలుసు. తూకం సరిగ వేస్తడా, పీహెచ్ మీటర్‌ను బఫర్లతోని (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) కాలిబ్రేట్ చెయ్యడం తెలుసా, 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ అర లీటర్ తయారుచెయ్యమంటే 2 గ్రాములు అని లెక్క వేసి చెప్తడా, అన్నిటికన్న ముఖ్యం రాత సరిగ రాస్తడా. మన ప్రాక్టికల్ రికార్డుల తప్పు వస్తే పిల్లలు వైట్‌నర్ పూసి మీద రాస్తరు, రీడింగ్ చిత్తు కాగితం మీద రాసుకొని ఇంటికి పోయి ఫెయిర్ చేస్తరు, మనం కూడ రికార్డు నీట్‌గ ఉన్నది అని మార్కులు వేస్తం. మందుల కంపెనీల ఈ రెండూ పెద్ద తప్పులు. అక్కడ తప్పు పడితే ఒక్క గీత గీయాలె, కింద ఉన్న అంకె కనిపించాలె, పక్కన సంతకం, తేదీ, ఎందుకు మార్చిన్రో రాయాలె, రీడింగ్ చూసినప్పుడే లాగ్‌బుక్‌ల ఎక్కాలె. ఇది నేర్పడానికి పైసా ఖర్చు లేదు. వచ్చే సెమిస్టర్ నుంచి మీ ల్యాబ్‌ల వైట్‌నర్ బంద్ అని బోర్డు పెట్టి, గీత గీసి సంతకం పెట్టిన రికార్డుకు మార్కులు కట్ చెయ్యకుండ ఉంటే సగం ట్రైనింగ్ అయిపోయినట్టే. కెమిస్ట్రీ లెక్చరర్లకు చేతులెత్తి మొక్కి చెప్తున్న, ఇది ఒక్కటన్న చెయ్యండి.

బీకాం పిల్లలకు లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ క్లాసులు అందరూ పెడుతున్నరు, ఎంట్రీలు కొట్టుడు వస్తది గాని ఎందుకు కొడుతున్నమో తెల్వదు. మిర్యాలగూడ రైస్‌మిల్లుల లెక్కలు చూపెట్టండి, అంతకన్న మంచి పాఠం లేదు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాంక ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ, అంతకు మించిన బస్తా మీద లేదు, మరి షాపుల్ల 26 కిలోల బస్తాలు ఎందుకు వచ్చినయో కనుక్కొని రండి అని పంపండి, తిరిగి వచ్చినంక జీఎస్టీ వాళ్ళకు పరీక్ష సబ్జెక్టు లెక్క అనిపించదు. నెలనెలా ఫైల్ చేసేటోళ్ళకు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్ 1 పదకొండో తారీఖు లోపల, పన్ను లెక్క తేల్చి కట్టే 3బీ ఇరవయ్యో తారీఖు లోపల, సరుకు విలువ 50,000 దాటితే బండి వెంట ఉండాల్సిన ఈవే బిల్లు, బ్యాంక్ స్టేట్‌మెంట్‌కు మన పుస్తకానికి తేడా వస్తే ఎక్కడ వెతకాలె, ఎక్సెల్‌ల ఒక పట్టికలకెళ్ళి కావాల్సింది వెతికి తెచ్చే వీలుకప్, పెద్ద పట్టికను కూడి చిన్నగ చూపే పివట్ టేబుల్, ఇవి చేతికి రావాలె. ఊర్ల ట్యాక్స్ ప్రాక్టీషనర్ ఆఫీసుల్ల పదో తారీఖు ముందు మనుషులు దొరకక తిప్పలు పడతరు, ఆ వారం మీ పిల్లలను ఇద్దరు ఇద్దరు పంపితే వాళ్ళకు సాయం, పిల్లలకు చదువు.

కంప్యూటర్ సైన్స్ పిల్లలకు నేను చెప్పేది చిన్నది, కోర్సు సర్టిఫికెట్లు పది పోగుచేసుడు కన్న ఒక్క పని పూర్తిగ చెయ్యించండి. ఊర్ల పాలకేంద్రం లెక్క, హాస్టల్ హాజరు, బత్తాయి మార్కెట్ ధరల పట్టిక, ఏదైనా సరే, టేబుళ్ళు వాళ్ళే గీసి, డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ రాసి, కోడ్ అందరికీ కనిపించేటట్టు దాచిపెట్టే గిట్‌హబ్‌ల పెట్టి, వాడేటోళ్ళు నిజంగ వాడాలె. వాడినంక వాళ్ళు తిడతరు, ఇది రాలేదు అది రాలేదు అని, ఆ తిట్లు సరిచేసిన పిల్లగాడు ఇంటర్వ్యూల చెప్పుకోను మాట దొరకక ఆగడు. నేర్చుకోను ఐఐటీ బాంబే వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్ ఉన్నది, తెలుగుల కూడ పాఠాలున్నయి, ఫీజు లేదు, కేంద్రం ఆన్‌లైన్ కోర్సుల స్వయం పోర్టల్‌ల కూడ చదువుడు ఫ్రీ, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రం ఫీజు కట్టాలె. ఇప్పుడు నల్లగొండల, మహబూబ్‌నగర్ దివిటిపల్లిల ఐటీ టవర్లు లేచినయి, రెండూ 2023ల తెరిచిందే, పిల్లలను ఒకసారి తీస్కపోయి లోపల చూపెట్టండి, చూసినోళ్ళకు అది తమది కాని లోకం అనిపించదు.

బీఏ పిల్లల గురించి అందరూ చేతులెత్తేస్తరు, గ్రూప్స్ రాసుకుంటరులే అంటరు. గ్రూప్ 4కు 2022ల నోటిఫికేషన్ వస్తే ఎనిమిది వేల పైచిలుకు పోస్టులకు తొమ్మిదిన్నర లక్షల అప్లికేషన్లు వచ్చినయి. రాయొద్దు అని నేను అనను, మా ఇంట్లనే రాసేటోళ్ళున్నరు, హైదరాబాద్ల కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ రూముల్ల ఏండ్లకు ఏండ్లు గడిపి వచ్చినోళ్ళ కళ్ళు నేను చూసిన, అందుకే చేతుల ఒక పని పెట్టుకొని రాయండి అంటున్న. బీఏ పిల్లలకు రాత, సర్వే, అనువాదం నేర్పండి. కలెక్టరేట్ ప్రెస్ నోట్ తెలుగుది ఇంగ్లీష్‌లకు, ఇంగ్లీష్‌ది తెలుగులకు రోజూ ఒకటి, ఒక వార్డుల యాభై ఇండ్లు తిరిగి నల్లా నీళ్ళ మీద సర్వే చేసి ఎక్సెల్‌ల ఎక్కించి రెండు పేజీల రిపోర్టు. బ్యాంకులకు, ఇన్సూరెన్సోళ్ళకు, స్వచ్ఛంద సంస్థలకు ఊర్లల్ల మనిషితోని మర్యాదగ మాట్లాడి కాగితం తప్పు లేకుండ నింపే మనిషి కావాలె, అది మన బీఏ పిల్లలకు బాగ వస్తది.

నాలుగో సెమిస్టర్ అయినంక ఎండకాలం సెలవుల ఇంటర్న్‌షిప్. యూజీసీ మూడేండ్ల డిగ్రీకి 60 నుంచి 120 గంటలు అంటున్నది, సర్టిఫికెట్ కొనుక్కొచ్చి ఫైల్‌ల పెట్టుడు మాత్రం ఒప్పుకోవద్దు. హైదరాబాదే పోవాలని లేదు, బస్సు పోయే దూరంల ఉన్న మిల్లు, ల్యాబ్, ఆడిటర్ ఆఫీస్, షోరూం, విత్తనాల కంపెనీ, ఏదైనా. మీరు స్వయంగ పోయి ఓనర్‌తోని మాట్లాడండి, ఫోన్ చేస్తే కాదంటరు, ఎదురుంగ పోయి కూర్చొని సార్ ఇద్దరు పిల్లలు, రోజుకు ఐదు గంటలు, ఇరవై రోజులు, పైసలేం ఇయ్యకున్నా ఫర్వాలేదు గాని చాయ్ తెమ్మని పంపకుండ పని నేర్పుండ్రి అంటే పది మందిల నలుగురన్న ఒప్పుకుంటరు. రోజూ ఏం చేసిన్రో డైరీల నాలుగు లైన్లు, వారానికి ఒకసారి మీరు చూడాలె. డిగ్రీ అయినోళ్ళకు అప్రెంటిస్‌షిప్ కూడ ఉన్నది, దానికోసం కేంద్రం నడిపే నాట్స్ పోర్టల్‌ల రిజిస్టర్ చేయించండి, 2019 రూల్స్‌ల గ్రాడ్యుయేట్‌కు నెలకు కనీసం 9,000 స్టైపెండ్ అని పెట్టిన్రు, సగం కేంద్రం భరిస్తది కాబట్టి చిన్న కంపెనీలోళ్ళు కూడ తీస్కుంటరు, చాలమందికి ఈ సంగతే తెల్వదు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల పిల్లలకు కొలువు స్కిల్స్ నేర్పే టీఎస్‌కేసీ సెంటర్ ఉంటది, రాష్ట్ర ప్రభుత్వం 2014ల పెట్టిన స్కిల్ ట్రైనింగ్ సంస్థ టాస్క్ ఉన్నది, వాళ్ళకు మెయిల్ పెట్టి వదిలెయ్యకుండ వెంటపడాలె.

ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది, కాగితాలు. టెన్త్ మెమోల పేరు ఒక తీరు, ఆధార్‌ల ఒక తీరు, ఇంటిపేరు ముందొకచోట వెనకొకచోట, పుట్టిన తేదీ ఆధార్‌ల జనవరి 1 అని ఉంటది. ఉద్యోగం వచ్చినంక పీఎఫ్ ఖాతా కాడ, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ కాడ ఇది అడ్డం పడ్తది, జాయినింగ్ ఆగిన పిల్లలను నేను చూసిన. సెకండ్ ఇయర్ల ఒక రోజు పెట్టి టెన్త్ మెమో, ఆధార్, పాన్, బ్యాంక్ పాస్‌బుక్ నాలుగు పక్కపక్కన పెట్టించండి, తేడా ఉన్నోళ్ళ లిస్టు తీసి మీసేవకో ఆధార్ సెంటర్‌కో పంపండి, డిజిలాకర్ తెరిపించండి, ఫోన్ నంబర్ మారిస్తే ఆధార్‌ల కూడ మార్చాలె అని చెప్పండి.

ఆఫర్ లెటర్ చదువుడు కూడ క్లాసుల నేర్పాలె. సీటీసీ, అంటే మన మీద కంపెనీకి ఏడాదికి అయ్యే మొత్తం ఖర్చు, 2,40,000 అని రాసుంటే పిల్లలు నెలకు 20,000 చేతికి వస్తదనుకొని ఇంట్ల చెప్తరు. బోర్డు మీద లెక్క వేసి చూపెట్టండి, బేసిక్ 10,000 అయితే కంపెనీ కట్టే పీఎఫ్ 1,200, కంపెనీ కట్టే ఈఎస్‌ఐ 3.25 శాతం అంటే 590 దాంక, ఇవి ఆ 20,000 లోపలివే, ఇవి పోతే గ్రాస్, అంటే పిల్లగాని కోతలకు ముందు జీతం, 18,200, అందులకెళ్ళి మళ్ళ పిల్లగాని పీఎఫ్ 1,200, ఈఎస్‌ఐ 0.75 శాతం అంటే 137, ప్రొఫెషనల్ ట్యాక్స్ 150, చేతికొచ్చేది 16,700 దగ్గర. ఇది ముందే తెలిస్తే మొదటి జీతం నాడు మోసపోయినం అని ఉద్యోగం ఇడిచిపెట్టి రారు, ఈఎస్‌ఐ కార్డు మీద, పిల్లల మీద ఆధారపడ్డ అమ్మానాన్నకు కూడ వైద్యం ఉంటదని తెలిస్తే ఆ కోతకు అర్థం తెలుస్తది. ఉద్యోగం కోసం ముందుగ డిపాజిట్ కట్టు అన్న కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి కట్టొద్దని గోడ మీద రాయండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇయ్యొద్దని కూడ.

ఆడపిల్లల కాడ ఇంకొక మెట్టు ఉన్నది, ఇంట్లోళ్ళు. పిల్ల సెలెక్ట్ అయినంక జాయినింగ్ నాడు నాన్న వద్దంటడు, మనం ఆయనను తిట్టుకుంటం. ఆయన భయం ఏందో అడగలేదు మనం. ఐదో సెమిస్టర్లనే అమ్మను, నాన్నను ఇద్దరినీ పిలువండి, పూణేల ఉంటే వీడియో కాల్ చెయ్యండి, షిఫ్టు ఎన్ని గంటలు, కంపెనీ బస్సు ఊరికి ఎంత దూరంల ఆగుతది, హాస్టల్ ఎవరు నడుపుతరు, సీనియర్ ఎవరున్నరు అని తెలుగుల నెమ్మదిగ చెప్పండి. పోలేపల్లిల పని చేస్తున్న పాత విద్యార్థినిని ఆ రోజు పిలిపిస్తే మన పది మాటల కన్న ఆమె ఒక్క మాట పనిచేస్తది. ఒక తండ్రి ఆమెను అన్నీ అడిగి చివరకు, బిడ్డా మరి అన్నం మంచిగ పెడుతరా అని అడిగిండు, పెడుతరు బాపూ అన్నది, ఆ నెలల ఆయన కూతురు జాయిన్ అయింది.

సెలెక్షన్ రోజు దండలేసి ఫోటో దిగుడుతోని ఆపొద్దు. ఎంత మందికి ఆఫర్ వచ్చింది అనేది కాదు, ఆరు నెలలకు ఎంత మంది ఇంక పనిల ఉన్నరో అది రాసుకోండి. మొదటి నెలకు ఒక ఫోన్, మూడో నెలకు ఒకటి, ఆరో నెలకు ఒకటి. ఎందుకు ఇడిచిపెట్టిన్రో అడిగితే రూము దొరకలేదు, నైట్ షిఫ్ట్ పడలేదు, సూపర్‌వైజర్ హిందీల మాట్లాడితే అర్థం కాలేదు అని చెప్తరు. హిందీ సంగతి నాకు అట్లనే తెలిసింది, అందరం ఇంగ్లీష్ ఇంగ్లీష్ అని కొట్టుకుంటుంటే ఫ్యాక్టరీ లైన్ మీద పిల్లలకు అడ్డం పడింది హిందీ. ఇప్పుడు ఐదో సెమిస్టర్ల వారానికి ఒక పీరియడ్ హిందీల మాట్లాడుడు పెట్టినం, పొద్దుగాల రెండో పీరియడ్.